నీళ్ల వంతు

మార్చి నెల. ఇజ్కిల మా తోటకు ఫలజ్ నీళ్లొచ్చేది
రాత్రి రెండున్నరకు. అరగంటే.
ఆ అరగంటల పదకొండు పాదులు తడవాలె.
మోఫిజుల్ మట్టికట్ట తెంపుతడు,
నేను చెప్పులిడిసి పాదుల నిలవడత.
మడిమె మునిగిందంటే ఈ చెట్టుకు చాలు.

తెల్లారంగ ఎక్కుడు.
ఇరవై ఏండ్లు తాళ్లు గీసిన నడుము నాది.
ఈడి మోకు వేరే తీరు, వీపుకాడ వెడల్పు పట్టె,
కాళ్లకు గుజి లేదు.
అయినా ఈతకు పెద్దక్కే గదా ఖర్జూరం.
ముల్లు సుత అదే ముల్లు,
గుచ్చుకుంటే నోట్లకెల్లి అదే తిట్టు.

మా దిక్కు పోద్దాడుకు, పరుపుతాడుకు
గాలే పెండ్లి చేస్తది.
ఈడ నేనే గాలి.
పోతుగెల పగిలి పిండి రాలుతుంటే
ఐదారు పుల్లలు తెంపి తలకిందులు చేసి
ఆడగెల నడుమ పెట్టి, ఆకు చీరి ముడేస్త.
ఇగ వాన పడొద్దు. పడ్డదా, మళ్ల ఎక్కుడే.
అంగీకి ఆ పిండి వాసన.
మోఫిజుల్ నవ్వుతడు, ఎందుకో చెప్పడు.

వచ్చిన కొత్తల ఖల్ఫాన్ కిందికెల్లి
"లూమీ, ఖలాస్! ఖలాస్!" అని ఒర్రిండు.
(లింబాద్రి అన నోరు తిరగక
నన్ను నిమ్మకాయను చేసిండు.)
పని అయిపోయిందనుకొని దిగిన.
ఖలాస్ ఆ చెట్టు పేరట.
మళ్ల ఎక్కిచ్చిండు.

పెండ్లి అలకనే. పిందె కట్టినంకనే తిప్పలు.
శనగగింజంత కాంగనే కత్తి దియ్యాలె,
గెల నడిమి పుల్లలు మూడోవంతు కొయ్యాలె.
మొదటేడు చెయ్యాడలే.
పూసింది పూసినట్టే ఉండనీ అని
గెలకు నాలుగు పుల్లలు దీసి కత్తి దోపుకున్న.
ఆ ఎండకాలం పండు ఈతపండంత.
తోలు, గింజ, నడుమ ఏం లేదు.
ఖల్ఫాన్ ఒకటి కొరికి, గింజ అరచేతిల ఊసి
నా మొకం ముందట పట్టిండు. ఏమనలే.
గెలలన్ని మేకలకు పోయినయి.
మేకలు సుత కొన్ని ఇడిసిపెట్టినయి.

గీసేటోని కత్తికి చెట్టునడుగుడే ఎరుక,
ఇంకింత, ఇంకింత అని.
నడిమిట్ల ఆపమంటే దానికేం తెలుసు?
దానికి నేర్పనీకె నాకు రెండేండ్లు పట్టింది.

ఈ ఏడు తొమ్మిది గెలలల్ల ఏడు ఉంచిన.
వంగిన గెలను మట్టమీదికి మలిపి కట్టిన,
బరువుకు కాడ ఇరగకుంట.
ఆకు కిందికెల్లి వేలు రాసి చూసిన,
తేనెబంక ఇంక అంటుతలేదు.
దుమ్ముగాలి లేవకముందే సంచులు తొడగాలె.
నేను కోసిన పుల్లలు కింద మోఫిజుల్ నెత్తిమీద,
పచ్చ పూసలోలె.
దులుపుకోడు. రోజూ చెప్తనే ఉన్న.

మళ్ల రెండున్నర.
నీళ్లు ఆఖరి పాదుకింక రాలేదు,
సగంల ఉన్నయి.
పక్క తోటాయన లైటు పట్టుకొని గట్టు మీద నిలవడ్డడు,
గడియారం దిక్కు చూస్తుండు.
మోఫిజుల్ నా దిక్కు చూసిండు.
నేను నా మడిమె దిక్కు చూసిన.
కట్ట మూసిండు.