నడుము లోతు

బాలటన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున
ఉదయం తొమ్మిదికి ఆరుగురం.
ఎండకింకా పదును రాలేదు.
నీళ్ళు, గంజిలో పెసరపిండి కలిపిన రంగు.

నేర్పే పిల్ల బొరోకా. ఇరవై రెండేళ్ళుంటాయేమో,
ముక్కు మీద తెల్లటి పూత, మెడలో ఈల.
పలకలు గడ్డి మీద పరిచి
"ముందు ఇక్కడ నడపండి" అంది.
మోకాళ్ళ మీద కూర్చుని ఆరుగురం
ఉత్త గాలిని తెడ్లతో వెనక్కి తోశాం.
కంచె సందులోంచి ఓ కుక్క చూసి
మొరగడం దండగనుకుని పడుకుంది.

నేను తెడ్డు తిరగేసి పట్టుకున్నానట.
"తోడుకోవడానికి అది గరిటె కాదు, ఎమోకే గారూ."
పోస్టాఫీసు కిటికీ వెనక
ఇరవై ఆరేళ్ళు కూర్చున్న నడుము నాది.
ముద్ర కొట్టడం తప్ప
ఈ చేతులకు ఇంకో విద్య రాదు.

కాల్మాన్ గారు బుడాపెస్ట్‌లో ట్రాము నడిపి రిటైరయ్యారు.
లైఫ్ జాకెట్ జిప్పు ఆయన పొట్ట దగ్గరే ఆగిపోయింది.
"నలభై ఏళ్ళు నడిపాను,
పక్కకు తిప్పాల్సిన పని ఒక్కనాడూ పడలేదు"
అంటూనే ఉన్నారు,
పలక తనంతట తాను
రెల్లుపొదలోకి దూరిపోతుంటే.

గెల్లేర్ట్‌దొక పలక, అతని భార్య తీమేయాదొక పలక.
మధ్యలో పది గజాల నీళ్ళు.
అయినా పడ్డప్పుడల్లా
"నువ్వే ఊపావు" అని ఒకరినొకరు.
వాళ్ళమ్మతో వచ్చిన పదమూడేళ్ళ వింత్సే మాత్రం
బస్సు కోసం నిలబడ్డట్టు
మొదటిసారే నిలబడ్డాడు.
వాణ్ణి మేమెవ్వరం క్షమించలేదు.
వాళ్ళమ్మ కూడా.

"కాళ్ళు చూసుకోకండి, అవతలి ఒడ్డు చూడండి."
అవతలి ఒడ్డున ఏముంది?
ఫోన్యోద్ గుట్టలు రెండు, ఆవిరిలో నానుతూ.
చూడొద్దన్నాక
నాకిక కాళ్ళు తప్ప ఏదీ కనబడలేదు.
వాటి వణుకు పలకకు, పలక వణుకు వాటికి,
ఎవరు మొదలెట్టారో తేలకముందే
ఆకాశం పక్కకు ఒరిగింది.

ముక్కులోకి నీళ్ళు. నోట్లోకి నీళ్ళు.
చెప్పులు లేని కాళ్ళతో ఎవరినో తన్నాను, సరస్సునే.
చచ్చిపోయిన మా అమ్మను పేరు పెట్టి పిలిచానని
తర్వాత తీమేయా చెప్పింది, మెల్లగా.
బొరోకా ఈల ఊదలేదు. దూకలేదు.
"నిలబడండి" అంది.
ఎక్కడ నిలబడను, పలక ఎటో పోతేనూ?
"అక్కడే. ఊరికే నిలబడండి."

నిలబడ్డాను.
నీళ్ళు నడుము దాకా.
కింద బురద, వేళ్ళ మధ్య వెన్నలా.
ఆ పొద్దంతా వణక్కుండా నిలబడింది
ఆ ఒక్కసారే.

మళ్ళీ ఎక్కాను. మోకాళ్ళు, అరచేతులు,
ఒక పాదం,
అప్పుడు ఒడ్డున స్తంభం మీది నారింజ దీపం
వెలగడం ఆరడం మొదలెట్టింది.
నిమిషానికి నలభై ఐదుసార్లయితే జాగ్రత్త.
తొంభై అయితే నీళ్ళు ఖాళీ చేయాలి.
ఆకాశంలో మబ్బుతునక లేదు,
గాలి సంగతి మాకంటే దీపానికి ముందు తెలుస్తుంది కాబోలు.
"అందరూ మోకాళ్ళ మీదికి! వెనక్కి!"
మాట వినే మనిషినే నేను.
రెండో పాదం వినలేదు.

ఒకటి.
గుట్టలు చూశాను.
రెండు, మూడు,
నాలుగు దగ్గర ఊపిరి తీసుకోవచ్చని గుర్తొచ్చింది.
ఏడు మెరుపులు లెక్కపెట్టి
మోకాళ్ళ మీద కూలబడ్డాను, తడవకుండా.

కాల్మాన్ గారు అసలు లేవనే లేదు.
మోకాళ్ళ మీదే, గీత గీసినట్టు,
అడుగున ఎవరో పట్టాలు వేసినట్టు
అందరికంటే ముందు ఒడ్డు చేరి
నోటితో గంట కొట్టారు, టంగ్ టంగ్.

తుఫాను రాలేదు.
వెల్లుల్లి నీళ్ళు చల్లిన లాంగోష్ రొట్టెలు
మోచేతుల దాకా నూనె కారుతుంటే తిన్నాం.
ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

సోమవారం కుర్చీ వెనక్కి నెట్టేశాను.
పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ళు కాస్త వదులుగా,
వరసలోని పదకొండు తలల మీదుగా
వీధి అవతలి బేకరీ బోర్డు చూస్తూ
ముద్ర వేస్తున్నాను.
"మేడమ్, అది నా చెయ్యి" అన్నారెవరో.
నేల కొంచెం ఊగింది.