గడువు తీరిన ఆవు

ఇందుమూలముగా తెలియజేయడమేమనగా
అని మొదలుపెట్టాను ఆ రాత్రి,
బేటన్ రూజ్ ఆఫీసు నాలుగో అంతస్తులో
జనరేటరు మోతకి బల్ల వణుకుతుంటే.
తుఫాను ఇంకా దక్షిణాన నేల మీదే ఉంది.
దానికి ఆడపిల్ల పేరు పెట్టారు.
అదే పేరున్న నా మేనకోడలు
బడి తెరిచాక వారం రోజులు వెళ్లనంది.

అత్యవసర ఉత్తర్వు. తాత్కాలికం. ముప్పై రోజులు.
నిన్నటిదాకా నేరమైనవి
ఈ ముప్పై రోజులూ నేరం కావు:
కూలిన చెట్లను బయలునే తగలబెట్టవచ్చు,
మురుగునీటిని ఉన్నపళంగా కాలువలోకి వదలవచ్చు,
చచ్చిన పశువులను ఎక్కడివక్కడ పూడ్చవచ్చు,
అయితే గొయ్యి అడుగుకీ నేలలోని నీటికీ మధ్య
నాలుగడుగుల పొడిమట్టి ఉండవలెను.

ఆ నాలుగడుగులు నేను కనిపెట్టినవి కావు.
పాత ఉత్తర్వులోంచి ఎత్తి రాశాను.
ఏ తుఫాను నాటి వాక్యమో,
రాసినవాడు ఏ కొండప్రాంతం వాడో.

పదో రోజున తనిఖీకి వెళ్లాను.
రోడ్డు ఉన్నంతవరకు జీపు, ఆ తర్వాత పడవ.
ఒలెజిమ్ బ్రూసార్ గట్టు మీద నిలబడి ఉన్నాడు,
మోకాళ్లదాకా బూట్లు, చేతిలో పార.
వెనక కంచెకి వేలాడుతూ రెండు ఆవులు,
పొట్టలు ఉబ్బి, కాళ్లు ఆకాశంలోకి.
ఓక్ చెట్టు కొమ్మల్లో ఒక దూడ.
దాన్ని చూడనట్టు కాగితాలు తిరగేశాను.

అతను పార దింపాడు. ఒక అడుగు.
ఇంకో జానెడు. బుడబుడమని నీళ్లు.
"మదామ్, మీ నాలుగడుగులు ఎక్కడున్నాయో చూపించండి,
అక్కడే తవ్వుతాను."
వెక్కిరింత లేదు ఆ గొంతులో.
దారి అడుగుతున్నవాడిలా అడిగాడు.

ఆ ఊళ్లో మనుషుల్నే నేలలో పెట్టరు.
నీళ్లు పెట్టెల్ని పైకి తేల్చేస్తాయని
ఇటుకలతో నేలపైనే గదులు కడతారు.
అయినా ఈసారి ఏడు పెట్టెలు తేలిపోయాయట,
అందులో ఒకటి అతని భార్య యూలాలీది.
మూడు మైళ్ల అవతల రెల్లుగడ్డిలో దొరికింది,
మూత మీద సుద్దతో ఎవరో వేసిన నంబరుతో.

పొడినేల ఒక్కచోటే ఉంది, ఆ సమాధుల దిబ్బ.
దాని కంచె వారగా
ఆవుల్ని పూడ్చాడు, ఇరవై తొమ్మిదింటిని,
ట్రాక్టరు అరువు తెచ్చుకుని,
సున్నం ఎంత చల్లాలో నన్నడిగి మరీ.
అన్నిటికీ టిక్కు పెట్టి వచ్చేశాను.
కారులో, బట్టల్లో, జుట్టులో ఆ వాసన.
దానికి గడువేమీ రాసిలేదు.

ముప్పై ఒకటో రోజు పొద్దున్నే ఫోను.
పొడిగింపు ఉత్తర్వు పై అంతస్తులో ఉంది,
సంతకం పెట్టాల్సినాయన విమానంలో ఉన్నాడు.
"ఇంకొకటి దొరికింది," అన్నాడు ఒలెజిమ్.
"ఎర్రది. కొమ్ముని బట్టి గుర్తుపట్టాను.
ఇవాళ పూడిస్తే నేరమా?"

నేరమే. ఫారం ముందు పెట్టుకున్నాను.
"ఎప్పుడు దొరికింది?" అన్నాను, పలకాల్సిన దానికన్నా నెమ్మదిగా.
అవతల చాలాసేపు కప్పల అరుపులు.
"మీరు ఎప్పుడు దొరకమంటే అప్పుడు, మదామ్."

పదిహేడేళ్ల ఉద్యోగంలో
ఒక్క తేదీ తప్పు రాయలేదు నేను.
నిన్న అని రాశాను.

పశువుల సంఖ్య: ఒకటి.
పేరు రాయడానికి గడి లేదు.
అతను మాత్రం ఫోను పెట్టేముందు చెప్పాడు, రూజెట్ అని,
ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

మధ్యాహ్నానికి సంతకం కోసం పొడిగింపు కాగితం నా బల్ల మీదుగా వెళ్లింది.
ఇందుమూలముగా, తాత్కాలికముగా, నాలుగడుగులు.
పెన్సిల్‌తో అంచున రాశాను: వీలైనంతవరకు.
దిద్దుబాటు అనుకుని టైపిస్టు కలిపేసింది.
ఎవరూ అడగలేదు.
ఎవరూ చదవరు కదా.