రెండో నకలు

తెల్లవారుజాము నాలుగింటికి
సర్వర్ గదిలో ఫ్యాన్లు మాత్రమే మాట్లాడుతున్నాయి.
తెరమీద ఒకటే వాక్యం:
మీ ఫైళ్లన్నీ మా దగ్గరున్నాయి, డబ్బు పంపండి.
బయట మైనస్ ఇరవై ఆరు.
ఆర్డిస్ క్వామే చేతి తొడుగులు తీయకుండానే
గోడలోంచి నీలం తీగ పీకేసింది.
ఉత్తర డకోటా మంచులో
మా ఐదు బడులూ ఒక్కసారి మూగబోయాయి.

నేను ఆమె కింద పనిలో చేరి నాలుగు నెలలు.
"సెలవిచ్చేద్దామా?" అన్నాను.
"కొందరికి వేడి తిండి బడిలోనే. తెరుద్దాం."

బస్సుల దారులు కంప్యూటర్లో చిక్కుకుపోయాయి.
డెల్మర్ ఒక పెన్సిలడిగి కళ్లు మూసుకున్నాడు.
ధాన్యపు గిడ్డంగి మలుపు, ఇద్దరు.
ఎర్ర తపాలా పెట్టె, ఒకతె. హారన్ కొట్టొద్దు, కుక్క వెంటపడుతుంది.
వంతెన దాటాక కవలలు, ఎప్పుడూ ఆలస్యమే, ఆగాలి.
పద్నాలుగు దారులు
ఆయన రెప్పల వెనక చెక్కుచెదరలేదు.

మధ్యాహ్నం భోజనాల వరుస.
ఎవరు కట్టాలో, ఎవరికి ఉచితమో చెప్పే యంత్రం లేదు.
మార్లిస్ బీన్స్ గరిటె ఎత్తి "రానీండి" అంది.
ఒక్క బిడ్డా తల దించుకోలేదు.
సాయంత్రం లెక్క ఒప్పజెప్పింది, సెంటుతో సహా.

పంతొమ్మిది రోజులు.
డబ్బు పంపలేదు.
ఆర్డిస్ కుర్చీలోనే నిద్రపోయేది, లేచి తనను తానే తిట్టుకునేది.
పక్క కౌంటీలో దాచాల్సిన రెండో నకలుకి
నిరుడు ఆమె డబ్బడగలేదు.
టాబ్లెట్లు కొన్నాం. పత్రికలో ఫోటో వచ్చింది.
అందులో ఆమె నవ్వుతోంది.

ఒకనాడు వంటగదికి వెళ్లింది.
"నీ తలలో ఉన్నదంతా ఒక పుస్తకంలో రాసివ్వవా?"
మార్లిస్ గిన్నె తోముతూనే
"రాస్తే ఎవడో ఎత్తుకుపోతాడని నువ్వేగా చెప్పావు" అంది.
ఆ నెలలో ఆర్డిస్ నవ్వడం
నేను చూసింది అదొక్కసారే.

మార్చిలో బోర్డు సమావేశం. మూడు నిమిషాలిచ్చారు.
"తప్పు నాది" అని మొదలుపెట్టింది.
కుర్చీలు కిర్రుమన్నాయి.
కొత్త తెరలు వద్దంది, రెండో నకలు కావాలంది,
ఆపైన మార్లిస్‌కీ డెల్మర్‌కీ
గంటకు డాలరున్నర జీతం పెంచమంది.
"ఇది సాంకేతిక ఖర్చెలా అవుతుంది?"
అన్నాడొకాయన, కళ్లజోడు పైకి నెట్టుకుంటూ.
గడియారంలో ఇంకా ఇరవై సెకన్లున్నాయి.
ఆమె వాటిని వాడుకోలేదు.
ఆయన వైపు చూస్తూ ఊరికే నిలబడింది.
బయట, బాస్కెట్‌బాల్ ఆట నుంచి తిరిగొచ్చిన బస్సు
తలుపు తెరుచుకున్న నిట్టూర్పు
గదిలో అందరికీ వినబడింది.