రెండణాల కోత

మంగళవారం, శుక్రవారం రికార్డు రూము తీస్తారు.
ఎలీషా గారు నా జెరాక్సు బంకుకి వచ్చేది
ఆ రెండు రోజులే.
నోట్లో లవంగం, చంకలో పాత ఎక్స్‌రే కవరు.
అందులో ఉండేవి ఆయన ఎముకలు కాదు,
ఒంగోలువి.

ముప్పయ్యొక్క ఏళ్లు కరెంటు మీటర్లు చూసిన మనిషి.
గద్దలగుంటలో ఏ ఇంటి కుక్క కరుస్తుందో,
బండ్లమిట్టలో ఏ గోడ వెనక ఇంకో పాత గోడ నక్కి ఉందో
బ్యాటరీ లైటు వేసి చూసినవాడు.
రిటైరయ్యాక కూడా చూపు గోడల మీదే.
"మాకంటే ముందు ఈ ఊరికి వెలుతురు ఎవరు పంచారంటావ్ ఖాజా?"
అని అడిగాడు ఒకసారి, చిల్లర లెక్కపెట్టుకుంటూ.
బిల్లు కట్టడం తప్ప
వెలుతురు గురించి నేనెప్పుడు ఆలోచించాను గనక!

దొరికింది చివరికి,
చెదలు తిని తిని విసిగి వదిలేసిన పద్దు పుస్తకం.
ఊరు మున్సిపాలిటీ అయిన కొత్తల్లోది.
వీధి దీపాలు ముప్పయ్యారు.
కిరసనాయిలు ఇన్ని డబ్బాలు, ఒత్తులు ఇన్ని మూరలు,
నిచ్చెనలు రెండు, అందులో ఒకదానికి మెట్టు లేదు.
వెన్నెల రాత్రుల ఎదురుగా అడ్డగీత:
చంద్రుడు డ్యూటీలో ఉంటే నూనె దండగ.
మబ్బు పట్టిన పున్నమికి ఏం చేశారో
రాసి లేదు.
దీపాలు వెలిగించే కూలీలు: నలుగురు.
అంతే.
ఒత్తికి కొలత ఉంది, నిచ్చెనకి నంబరుంది,
నలుగురు మనుషులకీ కలిపి ఒక్క మాట.

రెండు వేసవులు ఆ మాట వెనక తిరిగాడు.
కొండమిట్ట మీద ముసలాళ్లని కదిపాడు,
చర్చి బాప్తిస్మ పుస్తకాల్లో దుమ్ము మింగాడు.
కాలేజీ సదస్సులో చెయ్యెత్తితే
"మీదే యూనివర్సిటీ?" అన్నారట.
"సంతపేట సెక్షనండీ" అన్నాడట ఈయన.
నాకు చెప్పి తనే నవ్వాడు. సగంలో ఆపేశాడు.

ఒక శుక్రవారం వానలో
గొడుగైనా మూయకుండా లోపలికొచ్చి
ఫోను నా చేతికిచ్చాడు. పెద్దది చేసి తియ్యమన్నాడు.
ఆషాఢ మాసం జీతాల్లో ఒక కోత:
గాజు చిమ్నీ పగలగొట్టినందుకు రెండణాలు. అంకయ్య.
వేడివేడి కాగితం మీద, ఆ పేరు కింద
వేలు పెట్టుకుని నిలబడ్డాడు చాలాసేపు.
వేలి నుంచి నీళ్లు కారుతున్నాయి.
నేను కాగితాన్ని మెల్లగా పక్కకి లాగాను.
"చూశావా, చెయ్యి జారినోడికి పేరుంది.
ఏనాడూ ఏదీ పగలగొట్టని ముగ్గురూ
ఏమైపోయారో!"

పుస్తకం నేనే టైపు చేశాను.
నలభై మూడు పేజీలు, స్పైరల్ బైండింగు, మూడంటే మూడు కాపీలు.
పదిహేడో పేజీలో అంకయ్య,
కింద మూడు ఖాళీ గీతలు.
"జాగా దండగ, తీసేద్దామా?" అన్నాను.
"వాటికీ డబ్బులిస్తున్నాగా" అన్నాడు.
ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

తీసుకెళ్లిన నాలుగో రోజు మళ్లీ వచ్చాడు.
ముప్పయ్యారు దీపాలు
నా వేళ్లలో తిరగబడి అరవై మూడయ్యాయి.
ముఖం మాడిపోయింది నాకు.
ఊరికే మళ్లీ వేసిస్తానన్నాను, వద్దన్నాడు.
చివరి అట్టకి అంటించే చీటీ చాలన్నాడు.
తను చెబుతుంటే నేను కొట్టాను:

తప్పొప్పుల పట్టిక.
పదకొండో పేజీ: 63 కాదు, 36.
టైపు: షేక్ ఖాజావలి.

"నా పేరెందుకు సార్, పరువు పోద్ది" అన్నాను.
కళ్లజోడు తుడుచుకున్నాడు.
మూడు చీటీలకి మూడు రూపాయలు బల్ల మీద పెట్టాడు,
అందులో ఒకటి వెనక్కి తీసి జేబులో వేసుకున్నాడు.
"కోత" అన్నాడు,
గొడుగు తెరుస్తూ.