ఎనభై ఏడో వంతు

రోనోక్‌లో, మా ఇంటి నేలమాళిగలో
పదకొండేళ్లుగా పందొమ్మిది వందల నలభై ఏడు అక్టోబరే.
గోడ గడియారానికి ఆరింతల తొందర,
పది నిమిషాలకే గంట తిరిగేస్తుంది.
కొండలు ప్లాస్టరువి, చెట్లు ఎండునాచువి,
నది మూడు పూతల వార్నిష్.

బొమ్మ రైలు అంటే నాకు ఒళ్లు మండుతుంది.
బొమ్మ రైల్లో పెట్టెలన్నిటికీ ఒకే రంగు, ఒకే నిగనిగ,
పెళ్లి ఫొటోకి నిలబెట్టిన తోడికోడళ్లలా.
నిజం రైలు అలా ఉండదు.
ఇంజను వెనక తపాలా పెట్టె,
దాని వెనక పాల క్యాన్లు,
ఆ వెనక ఇంకో కంపెనీ దగ్గర అరువు తెచ్చిన సామాను పెట్టె,
లోపల అట్టడబ్బాల్లో కిచకిచమనే కోడిపిల్లలు
(కనబడవు, ఉన్నాయని నాకు తెలుసు).
అప్పుడొస్తారు మనుషులు.
భోజనాల పెట్టె నడిమధ్యన,
పడక పెట్టెలు చివర,
పొగకి దూరంగా.

మసి కూడా లెక్క ప్రకారమే పూశాను.
ఇంజను దగ్గరి కప్పుల మీద మూకుడు అడుగంత నలుపు,
వెనక్కి వెళ్లేకొద్దీ పలచన.
ఏ రెండు కిటికీ తెరలూ ఒక ఎత్తున లేవు.
సీట్లలో ఇమడని ప్రయాణికుల్ని
మోకాళ్ల దగ్గర కోసి కూర్చోబెట్టాను,
ఎవరూ కిక్కురుమనలేదు.

వైర్లు బాగుచేయడానికి వచ్చాడు థాడియస్ గేథర్స్.
పని అయ్యాక వెళ్లలేదు.
రైలు రెండు చుట్లు తిరిగేదాకా
చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.
"చాలా బాగుంది," అన్నాడు.
"మా అమ్మ ఎక్కడ కూర్చుంది?"

పాల క్యాన్ల వెనక ఒక పెట్టె ఉండాలి.
మధ్యలో అడ్డగోడ, సగం సామాను, సగం మనుషులు,
మసి అంతా ముందు వాళ్ల మీదే.
నాకు తెలియక కాదు.
దాని నమూనా చిత్రం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.
ఆ అడ్డగీతకి అర్థమూ తెలుసు.
ఇంకో పెట్టె కప్పు అందంగా ఉందని
దాన్ని కట్టాను.
బోల్టుల తలలు లెక్కపెట్టిన మనిషిని నేను.

శీతాకాలమంతా పట్టింది.
థాడియస్ వారం వారం వచ్చి
ఒక్కో మాట ఇచ్చిపోయేవాడు, మేకు అందించినట్టు.
ఆమె పేరు వెర్నెల్.
రైలెక్కితే తెల్లబట్టలు కట్టేది కాదు, నీలం గౌను.
భోజనాల పెట్టెలో ఆమెకి కుర్చీ లేదు కనుక
ఒళ్లో చెప్పుల డబ్బా, అందులో వేపిన కోడి,
ఉడికించిన గుడ్లు రెండు.
చెప్పుల డబ్బాని ఎనభై ఏడో వంతుకి కుదిస్తే
నువ్వుగింజకి కాస్త పెద్దది.
శ్రావణంతో పట్టుకుని ఊపిరి బిగబట్టాను.
రెండుసార్లు ఎగిరిపోయింది.
మూడోసారి ఆమె ఒళ్లో నిలిచింది.

"ఉక్కకి కిటికీ తీసి కూర్చునేది," అన్నాడు.
ఆ ఒక్క కిటికీ తీసి ఉంచి అతికించాను.

మార్చిలో ఒక ఆదివారం
థాడియస్ చేతికి అదుపుపెట్టె ఇచ్చాను.
రైలు స్టేషన్ వదిలింది,
నీళ్ల తొట్టి దాటింది, వార్నిష్ నది దాటింది,
వంపులో అన్ని పెట్టెలూ ఒక్కసారి కనబడ్డాయి,
మొదటిసారి నిజం రైలులా.

సొరంగం ముందు ఆపేశాడు.

నేను వైరు తెగిందేమోనని వంగాను.
"సొరంగం వస్తే," అన్నాడు, "కిటికీ ముయ్యాలి.
పొగంతా లోపలికొచ్చేస్తుంది.
మా అమ్మ అందరికంటే ముందు లేచేది."

నేను గోరుతో తాకి చూశాను.
నా జిగురు ఊడదు. ఊడకూడదనే పెట్టాను.

పైన గడియారం ఆరింతలుగా పరుగెత్తుతోంది.
రెండో గంట ఆలస్యం మొదలైంది.
మేమిద్దరం చెరో స్టూలు లాక్కుని కూర్చున్నాం.