ఆవగింజలో అరవయ్యో వంతు

లియెపాయాలో గాలి ఆగిన రాత్రి
నా సింథ్ మూగబోయింది.

ముందు తప్పంతా స్పీకర్ మీదకి నెట్టాను.
తర్వాత సౌండ్ కార్డు మీదకి. ఆ తర్వాత, సిగ్గు లేకుండా,
కింది వాటాలో పాత హీటరు తిప్పుకునే స్కైద్రీతె గారి మీదకి.
తెర మీద దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.
ఎర్ర తీగ, పచ్చ తీగ, నేను గీసిన వంకర తీగలన్నీ
ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి.
లోపల మాత్రం ఎవరూ లేరు.

గాలి పుట్టేది ఇక్కడేనంటారు ఈ ఊరివాళ్ళం.
నా వాద్యం తినేది దాన్నే:
కిటికీ బయట మేజోడు తొడిగి వేలాడదీసిన మైకు
సముద్రం మీది ఈలని పట్టి
గుందెగ రాసిన ప్లగిన్‌లో పోస్తుంది.
అది నాలుగు గొంతులుగా చీల్చి
అన్నిటినీ ఒకే ఎత్తున నిలబెడుతుంది.
రెండేళ్ళలో ఒక్కరోజు దాన్ని పస్తు పెట్టలేదు.

సరే, ఒక్కో తీగే పీకాను.
రివర్బ్ తీశాను. మూగే.
ఫిల్టర్ తీశాను. మూగే.
చివరికి మిగిలింది ఒక డబ్బా, ఒక తీగ,
తీగ కొసన కొలత చూపే గడి.
గడిలో అంకె ఉండాల్సిన చోట
అంకె కాదు అని రాసి ఉంది.

ఒంటిగంటకి గుందెగకి ఫోన్ చేశాను.
ఫెర్రీ రేవులో రాత్రి డ్యూటీ తనది,
లారీల లెక్క రాసుకుంటూనే విన్నది.
"మైకులోంచి ఏం వస్తోంది?"
ఏమీ రావట్లేదు.
"ఏమీ అంటే? కొంచెమా, సున్నానా?"
సున్నా. గాలి లేదు. గేటు మూసుకుంది.
అవతల ఏదో లారీ వెనక్కి నడుస్తున్న కీచు కీచు.
"చచ్చాం," అంది. "వచ్చిన శబ్దాన్ని దాని బలంతోనే భాగిస్తాను నేను.
సున్నాని సున్నాతో భాగించే రోజొకటి వస్తుందని
ఈ ఊళ్ళో కూర్చుని ఎలా అనుకుంటానే?"

అలా భాగిస్తే వచ్చేది సున్నా కాదట. ఒకటీ కాదట.
తనకి తానే సమానం కానిదట.
దేంతో కలిపినా దాన్నీ తనలో కలిపేసుకుంటుందట.
వెనక్కి తిరిగే తీగలో ఒక్కసారి పడితే
గాలి కాదు, తుఫానే తిరిగొచ్చినా
అక్కడక్కడే సుళ్ళు తిరుగుతూ ఉంటుందట.

"కింద ఉన్నదానికి కొంచెం కలుపు."
ఎంత?
"ఎవరికీ వినపడనంత."
చుక్క పెట్టి సున్నాలు పేర్చాను. పదకొండు. చివర ఒకటి.
ఆవగింజలో అరవయ్యో వంతు దీని ముందు కొండ.

మూసి, మళ్ళీ తెరిచాను.
శబ్దం రాలేదు.
"ఏమైంది?"
ఏమీ వినపడట్లేదు.
"గడిలో?"
సున్నా.
"మరింకేం, బాగైపోయింది," అని పెట్టేసింది,
లారీవాడెవడో అరుస్తున్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు.
కిటికీ తెరిచి, చలిలోకి సగం వంగి,
మేజోడు మీద నోరు పెట్టి ఊదాను.
నాలుగు గొంతులూ ఒక్కసారి లేచాయి,
గోడ మీది పటం వణికేంతగా.
కింద స్కైద్రీతె గారు చీపురు కర్రతో
నా నేలని మూడుసార్లు పొడిచారు.
అదీ నాలుగు గొంతులై వచ్చింది.