ఒకే తట్టలో

పేరుపాలెం సముద్రం మా గుమ్మానికి తొమ్మిది కిలోమీటర్లు.
అయినా ఆ నీళ్ళు పనికిరావు,
గోదారి బురదా చెరువుల మందూ కలిసిన ఉప్పది.
అందుకని టిన్ను ఇరవై రూపాయల చొప్పున తియ్యనీళ్ళు కొని
చెన్నై బస్సులో వచ్చిన ఉప్పు
గరిటెతో కలుపుతాను.
"తాగడానికి దిక్కులేని ఊళ్ళో
మంచినీళ్ళని ఉప్పుచేసే మనిషివి నువ్వొక్కడివే అల్లుడూ"
అంటుంది మా అత్తగారు ఆదెమ్మ.
ఊరంతా చేసిన పనే కదండీ అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

పగలు రొయ్యల ల్యాబులో
నీటిబొట్టుని వెలుతురుకేసి పట్టి ఉప్పెంతో చెబుతాను.
రాత్రి అదే కన్నుతో
మూడున్నర అడుగుల గాజుతొట్టెలోకి చూస్తాను.
ముప్ఫై ఐదు. సరిగ్గా సముద్రమంత.

మేత బిల్లు వెనక పేర్లు రాసుకుంటాను, కొట్టేసుకుంటాను.
పసుపు టాంగు, చూడ చక్కనిది, దాని ఈతకి ఈ చోటు చాలదు.
సీతాకోక చేప
పగడాన్ని పూటకింత కొరుక్కు తింటుంది.
సింహం చేప ఎవరినీ కొట్టదు,
ఊరికే ఆవులిస్తుంది, ఒకరు తగ్గుతారు.

నలభయ్యేళ్ళు మొగల్తూరు సంతలో తట్ట పెట్టిన మనిషి,
ఒక కంట శుక్లం,
రెండో కన్ను నా కాగితం మీద.
"జెల్లనీ బొమ్మిడాయినీ ఒకే తట్టలో వేత్తావా? గీరేసుద్ది.
కొరమేనుని బతికుండగా దేంతోనూ వెయ్యకూడదు.
రాతలెందుకు బాబూ, నోళ్ళు చూడు,
నోరు చూత్తే తెలిసిపోద్ది."

నేను నోరు చూడలేదు. రంగు చూశాను.
ఎనభై రూపాయలకే వస్తుందని
మొట్టమొదట నీలం డ్యాంసెల్‌ని దింపాను.
బొటనవేలంత లేదు.
వారంలో మొత్తం రాతిగుట్టకి పట్టా రాయించుకుంది.
తర్వాత వచ్చిన నిప్పుచేప
తెల్లారేసరికి నేల మీద
చీపురుపుల్లలా ఎండి ఉంది.
దాన్ని కాగితంలో చుడుతుంటే
ఆదెమ్మ ఏమీ అనలేదు. అంటే బావుండేది.

ఈసారి ఒక జంట:
ఒక గోబీ, ఒక తుపాకి రొయ్య.
గోబీ అంటే ఆవిడకి కాలీఫ్లవర్ కూర,
"చేపకి కూర పేరేంట"ని మూడుసార్లు అడిగింది.
రొయ్యకి చూపు ఆనదు, గొయ్యి తవ్వుతుంది.
చేప గుమ్మంలో నిలబడి లోకాన్ని చూస్తుంది.
రొయ్య మీసం ఒకటి ఎప్పుడూ చేప తోక మీదే.
తోక అదిరితే ఇద్దరూ లోపలికి.
ఇది చెప్పినప్పుడు మాత్రం
ఆవిడ కుర్చీ తొట్టె దగ్గరికి జరుపుకుంది.

రాళ్ళన్నీ తిరగేశాను,
ఎవరి ఇల్లేదో ఎవరికీ గుర్తుండకుండా.
కవరు నీటిలో తేలేసి గంట ఆగాను.
"దీపం ఆర్పు" అంది ఆదెమ్మ,
"కొత్త మనిషిని మిట్టమధ్యాన్నం దింపుతారా ఎవరైనా?"

చీకట్లోనే దింపాం.
అయినా పొద్దున్నే మొదలెట్టాడు నీలంగాడు,
గుమ్మం ముందే తిష్ట.

అప్పుడు లోపలికెళ్ళి
బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చింది,
ఒక మూల పెచ్చు ఊడింది,
తొట్టె కుడిపక్క గాజుకి ఆనించి నిలబెట్టింది.
"సంతలో ఇద్దరు బేరగాళ్ళు కొట్టుకుంటుంటే
మూడోవాడు చల్లగా కొనుక్కుపోతాడు. చూత్తా ఉండు."

నాలుగు రోజులు.
మేత వేసినా రాలేదు నీలంగాడు.
రెక్కలు విప్పి, మీదికి దూకి, వెనక్కి తగ్గి,
తనంతవాడితోనే తెల్లారి, తనంతవాడితోనే పొద్దుగూకి.
ఈలోగా కింద ఇసకలో
గులకరాయి తర్వాత గులకరాయి
ఒక ఇల్లు పూర్తయింది.
అయిదోనాడు అద్దం తీసి కొంగుతో తుడిచి
ఆవిడ బొట్టు దిద్దుకుంది.
"ఇంతకీ ఇందులో వాడు గెలిచాడా, ఓడాడా?"

నా బిల్లు మీద ఇంకో పేరుంది, టిక్కు పెట్టబోతున్నాను.
ఆవిడ లాక్కుని మడిచి
వక్కల డబ్బా కింద పెట్టేసింది.
"ఇంక చాల్లే. తట్ట నిండింది."

కరెంటు పోయింది. బ్యాటరీ గాలిపంపు గురగురమంటోంది.
ఫోను వెలుగులో చూశాను,
నీలంగాడు ఇంకా కుడిపక్క మూలే తచ్చాడుతున్నాడు,
నిన్నటిదాకా ఉన్నవాడు
ఎటు పోయాడో అని.